ఆంగ్లపరీక్షలు: గ్రంథముల యెన్నిక

పాలమూరు సీమ యనినంతనే చెఱువుకట్టలు పోయుచు, ఆనకట్టలకు రాళ్లు మోయుచు దేశమంతట దిరిగిన వలసకూలీలే జ్ఞప్తికి వచ్చుచుండిన కాలమొకటి యుండెను. ఆ వలస నేటికిని పూర్తిగా నంతరింపలేదు. దాని ప్రక్కనే మఱియొక వలస బయలుదేఱినది. ఈ రెండవ వలసలో బోవువాడు పలుగుపారలను గొనిపోడు. కళాశాల పట్టాను జేతబట్టుకొని పోవును. 2016 అక్టోబరు 11వ తేదీన పాలమూరు జిల్లానుండి వేఱుపడిన నాగర్‌కర్నూలు జిల్లాలో తెలకపల్లి యొక మండలకేంద్రము. ఇట్టి మండలకేంద్రములనుండియు, వాని చుట్టుపట్ల పల్లెలనుండియు రైతుబిడ్డలు నేడు అమెరికా, బ్రిటను, ఆస్ట్రేలియా దేశములలో నున్నత విద్య నభ్యసింప నువ్విళ్లూరుచున్నారు. 2023-24వ విద్యాసంవత్సరమున అమెరికాలో జదువుచుండిన భారతీయులు 3,31,602 మంది. అంతమంది విద్యార్థులు మఱి యే యితర దేశమునుండియు నచటికి బోలేదు. వారిలో దెలుగువారి పాలు స్వల్పము కాదని వేఱుగ జెప్పనక్కఱలేదు. కొడుకు చదువు పట్టాకై తండ్రి పొలము పట్టాను దాకట్టు పెట్టుట మన పల్లెలలో నిపుడు వింత కాదు.

ఈ ప్రయాణమునకు మొదటి వాకిలి ఆంగ్లభాషాపరీక్ష. ఐయెల్ట్స్, టోఫెల్, పి.టి.ఇ. మున్నగునవి యిందు ముఖ్యములు. 1989లో నారంభమైన ఐయెల్ట్స్ పరీక్షకు వినుట, చదువుట, వ్రాయుట, మాటలాడుట యని నాలుగంగములు గలవు. ఫలితము 9 శ్రేణుల మానమున దెలుపబడును; అది రెండేండ్లు మాత్రమే చెల్లును. ఒక్కసారి కూర్చుండుటకు రుసుము పదునేడు, పదునెనిమిది వేల రూపాయలు. అరశ్రేణి తక్కువైనచో కోరిన విద్యాపీఠమున ప్రవేశము దొరకకపోవచ్చును. ఏడాది కాలము వృథా కావచ్చును. ఋణముపై వడ్డీ మాత్రము నిలువదు. వెనుకబడిన వర్గముల విద్యార్థులకు 20 లక్షల రూపాయలవఱకు సాయము చేయు ప్రభుత్వ విదేశవిద్యానిధి పథకములకును ఇట్టి పరీక్షాఫలితమే యొక యర్హతగా నున్నది. కావున నీ పరీక్షకు మన బిడ్డలను సిద్ధపఱచువాడు వారి చేతి కే గ్రంథముల నిచ్చుచున్నాడను ప్రశ్న పుస్తకవిక్రేతల వ్యవహారము మాత్రమే కాదు. అది కుటుంబముల మంచిచెడ్డలకు సంబంధించినది.

ఇపుడు జరుగుచున్న పద్ధతి యెట్టిది? పల్లెవిద్యార్థి హైదరాబాదు చేరి అమీరుపేట వీథులలో నొక గది యద్దెకు దీసికొనును. రెండు నెలల తరగతికి సొమ్ము కట్టును. అచట నతని చేతికి వచ్చునది ప్రశ్నపత్రముల మూట. అందు గొన్ని ప్రామాణికములు, పెక్కు నకళ్లు, మఱికొన్ని యెవరు కూర్చిరో తెలియనివి. దినమున కొక పత్రము నింపుట, జవాబులు సరిచూచుకొనుట, తప్పుల లెక్క వ్రాసికొనుట, ఇదియే పాఠము. వ్యాసరచనకు నాలుగు పేరాల మూస యొకటి యిచ్చి, ఏ విషయమైనను దానిలో బోయుమని చెప్పుదురు. అట్టి తరగతిలో జదివి వచ్చినవాడు మండలకేంద్రమున దానొక తరగతి పెట్టినచో నదే మూటను దన విద్యార్థుల ముందు విప్పును. పరీక్షాధికారులు ప్రకటించిన మూల్యనిర్ణయ సూత్రములలోనే, కంఠస్థము చేసి యప్పగించిన వ్రాతకు విలువ తగ్గునని స్పష్టముగా నున్నది. అయినను మూసల వ్యాపారము తగ్గలేదు.

రైతులకు దెలిసిన మాట చెప్పెదము. కుంచము ధాన్యమును గొలుచును, పండింపదు. కల్లములో నున్న రాశిని నూఱుమార్లు కొలిచినను గింజ యొక్కటియు బెరుగదు. ప్రశ్నపత్రము కుంచమువంటిది. విద్యార్థికి వచ్చిన భాష యెంతయో యది తెలుపును. రాని భాషను దెచ్చి పెట్టజాలదు. నేటి బోధకులలో బెక్కురు చేయుచున్న పొరపాటు కొలతనే సేద్యమని భ్రమించుట. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన దిదియే: కొలుచు గ్రంథములు కొద్దిగా నుండవలయును, భాషను బెంచు గ్రంథములు మెండుగా నుండవలయును.

ఇందులకు నిదర్శనము మన భాషాచరిత్రలోనే కలదు. 1812లో ఎల్లిసుదొర పూనికవలన చెన్నపట్టణమున సెంటు జార్జికోట కళాశాల యేర్పడెను. అందు బరీక్షకు గూర్చుండువారు మనవారు కారు; కంపెనీ కొలువునకు వచ్చిన యాంగ్లేయ యువకులు. వారు నేర్వవలసినవి తెలుగు, అరవము మొదలగు మన భాషలు. నాడు పరీక్షకులకు దోడ్పడినవారు మన పండితులు! ఆ యువకుల కుపకరించుటకై క్యాంబెలుదొర 1816లో తెలుగు వ్యాకరణమును బ్రకటించెను. రావిపాటి గురుమూర్తిశాస్త్రిగారు 1819లో విక్రమార్కుని కథలను సులభమైన వచనమున వెలువరించిరి. చార్లెస్ ఫిలిప్ బ్రౌనుదొర 1817లో మదరాసు చేరి, వెలగపూడి కోదండరామపంతులుగారి యొద్ద దెలుగు నేర్చుకొని, 1820లో పరీక్ష ముగించి కడపలో నుద్యోగమున బ్రవేశించెను. పిదప ముప్పది యేండ్ల యనుభవముతో 1851లో నాతడు తనవంటి నేర్చుకొనువారికై యొక పాఠమాలను గూర్చినపు డందు జేర్చినవేవి? ఇంటి యుత్తరములు, వ్యాపారపు టుత్తరములు, పోలీసు రెవిన్యూ వ్యవహారములకు జెందిన కాగితములు. వానికి దన భాషలో ననువాదమును, వ్యాకరణ వివరణమును, చిన్న పదకోశమును.

ఇందలి నీతి రెండు విధములు. నేర్చుకొనువానికి మొదట సుళువైన వచనము గావలయును. పిమ్మట నతడు నిజముగా జదువవలసి వచ్చు కాగితములు గావలయును. రెంటికిని స్వభాషలో నూత యుండవలయును. పాత ప్రశ్నపత్రములను గుట్టగా బోసి తెలుగు నేర్వుమని బ్రౌను ఎవనికిని జెప్పలేదు. మన భాషను దాను నేర్చుటకు ఆంగ్లేయుడు చూపిన వివేకమును అతని భాషను మనము నేర్చునపుడు విడిచిపెట్టుట యేల?

ఇక గ్రంథముల యెన్నికలో బాటింపవలసిన నియమములను విన్నవించెదము.

మొదటిది. ఏ పరీక్ష, ఎవరికి, ఏ యేటిది యను మూడింటిని దెలిసికొనకుండ నే గ్రంథమును గొనరాదు. ఐయెల్ట్స్ పరీక్షలోనే విద్యాపీఠములకు బోవువారికొక విధమును, సామాన్యముగా వలస వెళ్లువారికి వేఱొక విధమును గలవు. వినుట, మాటలాడుట రెంటికి నొక్కటియే యైనను చదువుట, వ్రాయుట వేఱు. బ్రిటనులో నర్సుగా నమోదు కాగోరు యువతికి 2018నుండి వ్రాతలో ఆఱున్నర, తక్కిన మూడంగములలో నేడేసి శ్రేణులు చాలును. ఆమెకు గావలసిన పుస్తకము ఇంజనీరింగు పట్టభద్రునికి గావలసినది కాదు. పరీక్షలును గాలముతో మారుచుండును. 1964లో నారంభమైన టోఫెల్ 2005లో అంతర్జాలమున కెక్కెను. 2023 జూలైలో మూడు గంటలనుండి రెండు గంటలకు గుదింపబడెను. 2026 జనవరినుండి దాని ప్రశ్నల క్రమమును మారినది, ఫలితమును దెలుపు కొలమానమును మారి 1 మొదలు 6 వఱకు శ్రేణులు వచ్చినవి. సగము వెలకు దొరకినదని పదేండ్లనాటి టోఫెల్ గ్రంథమును గొన్నవాడు, రద్దయిన రైలుకు టిక్కెట్టు కొన్నవానివంటివాడు.

రెండవది. కొలుచుటకు మాత్రము ప్రామాణిక గ్రంథములే వాడవలయును. ఐయెల్ట్స్ పరీక్షను నడపువారిలో నొకరగు కేంబ్రిడ్జివారు 1996నుండి వెలువరించుచున్న సంపుటములలో నొక్కొక్కదానియందు నాలుగేసి పూర్తి పరీక్షలు గలవు. ఇట్టివి రెండు సంపుటములున్న నొక తరగతికి జాలును. వానిని విత్తనపు గింజలవలె గాపాడుకొనవలయును. చేరినపుడొకటి, నడుమ నప్పుడప్పు డొకటి, తుదివారములలో మిగిలినవి. ఇంతకంటె నెక్కువ కొలత యనవసరము. ఎవరు కూర్చిరో తెలియని నకళ్లలో ప్రశ్న కఠినత సరిగా నుండదు, జవాబులు తప్పులు. వానితో గొలిచిన కొలత దొంగకొలత. పైగా నొరుల గ్రంథమును దొంగతనముగా నచ్చొత్తి యమ్ముట జాతీయాభిమానమున కే విధమునను శోభ గాదు.

మూడవది, మిక్కిలి ముఖ్యమైనది. విద్యార్థికి సుళువుగా నర్థమగు పుస్తకములను విరివిగా జదివింపవలయును. చదువరి కెవరి సాయమును లేక భావము బోధపడవలెనన్న నూఱు పదములలో దొంబదియెనిమిది ముందే తెలిసియుండవలెనని హూ, నేషన్ అను పరిశోధకులు 2000లో నిర్ణయించిరి. ఐయెల్ట్స్ చదువుపత్రములో నఱువది నిమిషములలో మూడు దీర్ఘవ్యాసములను జదివి నలువది ప్రశ్నలకు సమాధానమీయవలయును. పంక్తికి నాలుగు తెలియని పదములు గల విద్యార్థి యట్టి వ్యాసములతోనే మొదలిడినచో నతడు చదువుట నేర్వడు; ఊహించుట నేర్చును. ఢాకాలో విద్యాశాఖలో బనిచేసిన మైకేలు వెస్టుదొర వంగదేశపు బాలుర స్థితిని బరిశీలించి, 1926లో వెలువరించిన గ్రంథమున, మితమైన పదములతో మెట్టుమెట్టుగా వ్రాయబడిన వాచకములే వారికి హితమని వాదించెను. పిమ్మట నాతని వాచకములు భారతదేశమున వ్యాపించినవి.

ఇది కేవలము సిద్ధాంతము గాదు. 1903నుండి చెన్నపట్టణపు రేవున ఓడలెక్కి మన తెలుగు కూలీలును జేరిన ఫిజీ ద్వీపములున్నవి గదా! అచటి పల్లెపాఠశాలలలో 1980లో ఎలీ, మంగూభాయి అను విద్యావేత్తలు ఒక ప్రయోగము చేసిరి. తరగతికి 250 ఆంగ్ల కథాపుస్తకముల చొప్పున నిచ్చి పిల్లలచే జదివించిరి. వెనుకటి పద్ధతిని వ్యాకరణాభ్యాసములు చేసినవారికంటె నీ పిల్లలు తొలి యేటనే చదువుటలోను, విని గ్రహించుటలోను రెట్టింపు వేగమున ముందుకు సాగిరి. రెండవ యేట నా మేలు వ్రాతకును బ్రాకెను. అచటి పిల్లల యిండ్లలోను ఆంగ్లము లేదు, మన పిల్లల యిండ్లలోను లేదు. అచట ఫలించిన విత్తనము మన నేలలో మొలవదనుటకు గారణమేమియు గానము.

నాలుగవది. వ్రాతకును మాటకును వస్తువును మన సీమనుండియే తీసికొనవలయును. ఐయెల్ట్స్ వ్రాతలో మొదటిది 150 పదములకు, రెండవది 250 పదములకు దగ్గరాదు. రెండవదానికి రెట్టింపు విలువ. అం దడుగు ప్రశ్నలు యువకులు పల్లె విడుచుట, నీటి వినియోగము, విద్య, ఆరోగ్యము మున్నగు వానిని గూర్చియే యుండును. వీనిలో మన విద్యార్థి యెఱుగనిదేమి? శ్రీశైలము వెనుకనీటినుండి కృష్ణాజలములను ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అను మూడు మెట్లపై నెత్తిపోయు కల్వకుర్తి పథకము నతడు కన్నులార జూచియున్నాడు. బోరుబావు లెండుటయు, మోటార్లు కాలుటయు, కాలువ వచ్చిన పొలమునకును రాని పొలమునకును గల భేదమును నతనికి దెలియును. లండనులోని భూగర్భరైలును గూర్చి యొరులు వ్రాసిన వ్యాసమును బట్టీపట్టుటకంటె, తన యూరికి నీరు వచ్చిన కథను తన మాటలలో దాను వ్రాయుట నేర్చినవాడే యే ప్రశ్నకైనను బదులీయగలడు. మొదటి వ్రాతలో బట్టికలను, రేఖాచిత్రములను వర్ణింపవలసి యుండును; మండలపు వర్షపాతపు లెక్క, మార్కెటుయార్డులో వేరుశనగ, ప్రత్తి ధరల పట్టిక యిందులకు జాలును. ఎన్. ఎస్. ప్రభుగారు 1979 మొదలు 1984 వఱకు బెంగుళూరు, మదరాసు మున్నగు చోట్ల సామాన్య పాఠశాలలలో రైలు కాలపట్టికలు, పటములు చేతికిచ్చియే ఆంగ్లమును నేర్పించి జగత్ప్రసిద్ధి గాంచిరి. వెలలేని వస్తువు విలువలేనిది గాదు.

అయిదవది. వినుటకును, మాటలాడుటకును దగిన సామగ్రి వేఱుగ నుండవలయును. ఐయెల్ట్స్ పరీక్షలో బ్రిటిషు, అమెరికా, ఆస్ట్రేలియా మొదలగు పలు యాసలు వినబడును. ఒక్క యాసకే యలవడిన చెవి యచట దడబడును. బ్రిటిషు కౌన్సిలువారును, బి.బి.సి. వారును నేర్చుకొనువారికై వెల లేకుండ నిచ్చుచున్న శబ్దపాఠములు చేతిఫోనులోనే లభించును. మూడు నిమిషముల పాఠము నైదుమార్లు విని, విన్నదానిని వ్రాసికొని, మూలముతో సరిచూచుకొనుట ఇంటిల్లిపాది సినిమా చూచుటకంటె నెక్కువ ఫలము నిచ్చును.

ఇన్నిట నొక పెద్ద కొఱత మిగిలియున్నది. విదేశములలో నచ్చైన గ్రంథములు లోకమున కంతటికిని వ్రాయబడినవి. తెలుగువాని కష్టము వానికి దెలియదు. మన వాక్యమున గ్రియ చివర నుండును. వారికి నడుమ నుండును. నామవాచకమునకు ముందు వారు వాడు ‘ఎ’, ‘ది’ యనునట్టి చిన్నమాటలు మనకు లేవు. వానిని మనవారు విడుచుటయో, చేర్చరానిచోట జేర్చుటయో చేయుదురు. మన మాట అచ్చుతో ముగియును గనుక బస్సు, కారు అని హల్లుల చివర నుకారమును దగిలింతుము. ఈ పొరపాటులను వరుసగా బేర్కొని, తెలుగున వివరించి, అభ్యాసముల నిచ్చు గ్రంథమొకటి ప్రతి బోధకుని చేతిలో నుండవలయును. 1958లో హైదరాబాదున స్థాపితమై యిపుడు విశ్వవిద్యాలయముగా వర్ధిల్లుచున్న ఆంగ్లభాషాసంస్థ యిట్టి పనికి బూనుకొనుట దానికి గౌరవము, మనకు మేలు. అంతవఱకు బోధకుడే తన విద్యార్థుల తప్పులను నోటుపుస్తకమున నెక్కించుకొనుచు బోయినచో, రెండేండ్లలో నతనివద్ద నే యంగడిలోను దొరకని గ్రంథము తయారగును.

దీనిపై రెండు వాదములు రాగలవు. పరీక్ష రెండు నెలలలో నున్నది, కథాపుస్తకములు చదువుటకు దీరిక యెక్కడిదని విద్యార్థి యడుగును. న్యాయమైన ప్రశ్నయే. తుదివారములలో బరీక్షాక్రమము నెఱుగుట, గడియారము ముందిడుకొని వ్రాయుట, కంప్యూటరుపై వేగముగా టైపు చేయుట తప్పక చేయవలసినవి. వానివలన గొంత లాభమును గలదు. కాని యా లాభము వచ్చిన భాషను సరిగా జూపించుకొనుట మాత్రమే. కావలసినది మూడు మెట్ల దూరములో నున్నపుడు రెండు నెలలలో జేర్చెదనను బోధకుడు ఇతరుల సొమ్ముతో జూద మాడుచున్నాడు. అట్టి విద్యార్థికి పరీక్షను వాయిదా వేసికొమ్మని చెప్పుటయే హితము. పట్టభద్రుడు కావలసిన యేటికి రెండేండ్లు ముందుగా మొదలిడిన నీ చిక్కు లేదు.

రెండవ వాదము దేశాభిమానులది. స్వరాజ్యము వచ్చి యింతకాలమైన పిదప పరదేశీయుని భాషలో బరీక్ష నిచ్చుటకు మన బిడ్డలను దిద్దుట దాస్యము కాదా యని వారందురు. మేమట్లు తలంపము. తెలుగున బరీక్ష నిచ్చిన బ్రౌను తెలుగువారికి దాసుడు కాలేదు. వేమన పద్యములను సేకరించి 1829లో నచ్చువేయించి మనకే మేలు చేసెను. భాష నేర్చుట దాస్యము కాదు. అర్థము కాని మాటలను బట్టీపట్టి యప్పగించుట దాస్యము. మూసవ్యాసమును గంఠస్థము చేయు విద్యార్థి పరీక్షలో జయించినను, విదేశమున మొదటి తరగతిలోనే యోడిపోవును. అచట ప్రశ్నలకు మూస లుండవు. తన తెలుగును విడువక, తన యూరిని గూర్చి యాంగ్లమున జక్కగా జెప్పగలవాడు ఎచటికి బోయినను దలయెత్తుకొని తిరుగును.

కర్తవ్యమేమి? 2022-23నుండి మన ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశించినది. మాధ్యమము మారినంతనే భాష రాదు. చదువుటకు బుస్తకములు గావలయును. నిజామురాజ్యమున దెలుగు పుస్తకమే యపురూపమైన దినములలో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును నెలకొల్పినవారును, ఈ సీమవాడైయుండి 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారును ప్రభుత్వము వచ్చి చేయునని కూర్చుండలేదు. తెలకపల్లిలోని భూస్వాములు, వర్తకులు, ఉపాధ్యాయులు కలిసి యొక చిన్న గదిలో నొక బీరువా నుంచినచో జాలును. అందు బ్రామాణిక పరీక్షాసంపుటములు రెండు. మెట్టుమెట్టుగా వ్రాయబడిన సులభవాచకములు నలువది. మంచి నిఘంటువు లొకటి రెండు. వీని కన్నింటికి నగు వ్యయము ఒక్క విద్యార్థి యొక్కసారి చెల్లించు పరీక్షరుసుమునకు మించదు. ఒక్కని రుసుముతో నూరివారి బిడ్డలందఱును బదేండ్లు చదువుకొనవచ్చును.

కొడుకును విదేశమునకు బంపదలచిన తండ్రి యీ మాట నడిగి తెలిసికొనవలయును. బోధకునివద్దకు బోయి, నీవద్ద నెన్ని ప్రశ్నపత్రములున్నవని యడుగవలదు. నా బిడ్డచే నెన్ని పుస్తకములు చదివింతువని యడుగవలయును. కల్లములో గుంచము నునిచికొని కూర్చున్న యాసామి యెవ్వడును బంట పండించినట్లు మనము వినలేదు.